పరుపుల బండికి కొత్త గొట్టం

మా ఆడపడుచు భర్త నోరు మూసుకుని కూర్చున్నాడంటే అనుమానించాల్సిందే. వర్క్‌షాపులో ఆయన్ని అందరూ సైలెన్సర్ అంటారు. ఉన్న గుణాన్ని బట్టి పెట్టిన పేరు కాదది, లేని గుణాన్ని బట్టి పెట్టింది. నిద్రలో కూడా ఎవరికో క్లచ్ ప్లేట్ల గురించి చెబుతుంటాడని మా వదిన నవ్వుతుంది. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున నేను టీ గ్లాసులతో గుమ్మం దాటగానే సగం మాట మింగేశాడు. మా ఆయనైతే బానెట్ కిందికి తల దూర్చి, పారేసుకున్నదేదో వెతుకుతున్నట్టు నటించాడు.

"టీ" అన్నాను.

"అక్కడ పెట్టు చెల్లెమ్మా" అన్నాడు, నేను అన్నయ్య అని పిలిచే ఆ పెద్దమనిషి. అంతే. పంచదార తగ్గిందని కానీ, మా వదిన టీ కంటే నయమని కానీ ఒక్క ముక్క లేదు.

చంటిదాన్ని చంక మార్చుకుని అక్కడే నిలబడ్డాను. గోడ పక్కన అట్టపెట్టె తెరిచి ఉంది. అందులో ఇంజనుకి గాలి పట్టే, నా చెయ్యంత లావున మెరిసే గొట్టం, దాని చివర తగిలించడానికి పైనాపిల్ ఆకారంలో ఎర్రటి ఫిల్టరు. కంపెనీ వాళ్లిచ్చిన నల్ల ఫిల్టరు డబ్బాని అప్పటికే ఊడదీసి మెట్ల కింద పడేశారు.

మాది పికప్ బండి. టర్బో ఇంజను, అంటే గాలిని ఒత్తి లోపలికి తోసే చక్రం ఉన్నది. మా ఆయన దాంట్లో పరుపులు వేస్తాడు. సందు చివరి పరుపుల షాపు నుంచి కొన్నవాళ్ల ఇళ్లకి, ఊళ్లోనే. పరుపులు చూడటానికి కొండంత ఉంటాయి కానీ బరువేం ఉండవు. మా ఊళ్లో ఎత్తు అంటే ఫ్లైఓవరే. మరి ఈ బండికి ఇప్పుడు కొత్త ఊపిరి ఎందుకు కావలసి వచ్చింది?

మా ఆయన్ని అడిగాను కూడా. నాతో మైలేజీ పెరుగుతుందన్నాడు. పై ఇంటి పిన్నిగారు అడిగితే, పాత డబ్బా పగిలిందన్నాడు. ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నాను, ఎత్తు మీద గాలి బాగా అందుతుందట. ఒక గొట్టానికి మూడు కారణాలు చెప్పాడంటే, నాలుగోది దాస్తున్నట్టే లెక్క.

మొదట అందరు ఆడవాళ్లలాగే ఆలోచించాను. కాసేపే. ఇంకో ఆడదాని కోసం చొక్కా మారుస్తారు కానీ, ఎయిర్ ఫిల్టరు ఎవరూ మార్చరు. అయితే సీటు వెనక మందపాటి కంబళి ఒకటి కొత్తగా చేరింది. టైర్ల కింద పెట్టే చెక్క దిమ్మలు చేరాయి. మా ఆయన పిన్నిగారిని పట్టుకుని "రాత్రిళ్లు మీరు ఎక్కడికీ వెళ్లరు కదండీ" అని అడగడం నా చెవినే పడింది.

నా భయం ఏమిటో చెప్పాలి. చలికాలంలో ఒక రాత్రి మా చంటిదానికి జ్వరం ఎక్కి ఫిట్స్ వచ్చాయి. కళ్లు పైకి తేలేసి, కొయ్యలా బిగుసుకుపోయింది. గుమ్మం ముందే బండి ఉండబట్టి, దాన్ని నడిపే మనిషి ఇంట్లోనే ఉండబట్టి, నేను చెప్పుల్లేకుండా ఎక్కేశాను. ఆస్పత్రికి చేరేలోపే అది ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. కొందరు పిల్లలకి జ్వరంతో ఇలా మళ్లీ రావచ్చు, కంగారు పడకండి అన్నాడు డాక్టరు. ఆయనకేం, చెప్పి ఇంకో పేషెంటుని పిలుచుకున్నాడు. అప్పటి నుంచీ పడుకునే ముందు దాని నుదురు ముట్టుకుంటాను, తర్వాత కిటికీలోంచి బండి ఉందో లేదో చూసుకుంటాను. ఈ రెండూ అయితేనే నాకు కన్ను మూతపడుతుంది.

టీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చాను కానీ, వంటింటి కిటికీ దగ్గర ఓ చెవి అటు పడేసి ఉంచాను. నేను కనబడకపోయేసరికి అన్నయ్యకి మాట తిరిగొచ్చింది.

"చూడు బామ్మర్దీ, ఈ రబ్బరు గొట్టం ఉందే, ఇది టర్బో నోరు. ఇప్పుడు బార్లా తెరిచి ఉంది. ఇందులో చిన్న నట్టు పడినా, లోపల తిరిగే చక్రం పొట్టుపొట్టు అవుతుంది. అందుకని ముందు గుడ్డ కుక్కాలి. తోక బయటికి వేలాడాలి. కుక్కినవాడే తీయాలి. ఇది మా వర్క్‌షాపులో వేదం."

"గుడ్డేది?"

"నన్నడుగుతావేం. కాపురం నీది."

మా ఆయన దండెం వైపు నడిచిన చప్పుడైంది. కాసేపు పానాలు గలగలలాడాయి. గాలి కొలిచే సెన్సార్‌ని పాత డబ్బాలోంచి తీసి కొత్త గొట్టానికి పెట్టాలట, దాని మీద బాణం గుర్తు ఇంజను వైపు చూడాలట, అన్నయ్య వర్ణిస్తున్నాడు. ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించడం రాని మనిషి తగ్గిస్తే ఎలా ఉంటుందంటే, వీధంతా వినపడుతుంది.

"కొండ మీద సొరంగం పనంటే ఆషామాషీ కాదురా. వారానికోసారి దిగుతావు. ఇంట్లో చెప్పావా లేదా?"

"గొట్టం బిగించాక చెబుతా."

"బిగించాక చెబితే ఆపడానికి ఉండదనా?"

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కొండ దారి నాకు తెలుసు. పోయిన వానల్లో అక్కడ ఒక లారీ వెనక్కి జారిందని అందరూ చెప్పుకున్నారు. కానీ ఆ క్షణంలో నాకు లారీ గుర్తు రాలేదు. ఖాళీ గుమ్మం కనబడింది. పొయ్యి కట్టేసి, చంటిదాన్ని ఎత్తుకుని, పిల్లిలా బయటికి వచ్చాను. ఏం మాట్లాడుకుంటారో నా ముందే మాట్లాడుకోనీ అని.

అన్నయ్య కొత్త గొట్టాన్ని రబ్బరు మూతికి తొడుగుతున్నాడు. "ఒరేయ్, ఆ..." అంటూ తలెత్తి, నన్ను చూసి ఆగిపోయాడు. ఆగిపోయి, గొట్టం లోపలికంటా నొక్కి, క్లాంపు గబగబా బిగించేశాడు. మా ఆయన ఎర్ర ఫిల్టరుని చంటిపిల్లలా పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"ఏంటన్నయ్యా, ఏదో అడగబోయారు?"

"ఏం లేదు చెల్లెమ్మా. ఎండ ఎక్కువగా ఉంది అందామని."

మబ్బు పట్టి ఉంది ఆకాశం.

ఇద్దరి మొహాలూ ఒకసారి చూసి, అడగాల్సింది గొంతులోనే పెట్టుకుని, బట్టలు తీయడానికి దండెం దగ్గరికి వెళ్లాను. చంటిదాని పొత్తిగుడ్డలకి మూల ఎర్ర దారంతో ఒక కుట్టు వేస్తాను. అదే దండెం మీద పిన్నిగారి మనవడివీ ఆరతాయి, కలిసిపోతాయని. ఒక్కొక్కటే తీస్తూ వచ్చాను. చివర రెండు క్లిప్పులు ఊరికే వేలాడుతున్నాయి. నా పాత వాయిల్ చీర కొంగుతో కుట్టిన గుడ్డ లేదు. అన్నిటికంటే మెత్తనిది అదే. జ్వరం వచ్చిన రోజు తడిపి ఒళ్లు తుడిచింది కూడా దానితోనే.

ముందు నాకు వచ్చిన ఆలోచన ఏమిటంటే, మా ఆయన దాన్ని బ్యాగులో పెట్టుకున్నాడని. కొండ మీద పిల్ల గుర్తుగా. అంటే ప్రయాణం రేపో మాపో అన్నమాట. కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. బండి తలుపు తెరిచి సీటు వెనక చెయ్యి పెట్టి వెతికాను. కంబళి ఉంది, దిమ్మలు ఉన్నాయి, గుడ్డ లేదు.

"ఏం వెతుకుతున్నావు?" అన్నాడు మా ఆయన.

"ఏం లేదు. ఎండ ఎక్కువగా ఉంది."

అన్నయ్య దగ్గాడు. మా ఆయన నన్ను తప్పించుకుని సీట్లోకి ఎక్కాడు. తాళం పెట్టాడు. ముందు మీటర్ల దగ్గర దీపాలు వెలిగేదాకా తిప్పి ఆపమని అన్నయ్య చెప్పాడు, సెన్సార్ తప్పు చూపిస్తుందేమోనని. ఏ తప్పూ చూపించలేదట. "పాస్. ఇక స్టార్టింగు కొట్టు" అన్నాడు అన్నయ్య, బానెట్ మీద చెయ్యేసి, దిష్టి తీసినవాడిలా.

చంటిది అప్పుడే నా పమిట కొస నోట్లో కుక్కుకుంది. లాగబోతే గట్టిగా పట్టుకుంది. తోక మాత్రం నా చేతిలో ఉంది.

తోక బయటికి వేలాడాలి. కుక్కినవాడే తీయాలి.

పొత్తిగుడ్డకి తోక ఎక్కడిది. అది జానెడు ముక్క. కుక్కింది మా ఆయన. గొట్టం తొడిగింది అన్నయ్య. మధ్యలో నేను వచ్చాను.

నిజం చెప్పాలంటే, నా నోరు వెంటనే లేవలేదు. లోపల ఒక బుద్ధి అంది, ఊరుకో అని. నువ్వేమైనా కుక్కావా, నువ్వేమైనా బిగించావా. చక్రం పోతే బండి ఎటూ కదలదు. కొండా లేదు, సొరంగమూ లేదు. ఈ గుమ్మం ముందే పడి ఉంటుంది, కిటికీలోంచి రోజూ చూసుకోవచ్చు. ఆ బుద్ధి చాలా తియ్యగా చెప్పింది. కానీ చంటిది పమిట నములుతూ వేడి వేడిగా నా భుజం మీద ఊపిరి వదిలింది. ఆ రాత్రి కదలని బండి ముందు దీన్ని ఎత్తుకుని నిలబడినట్టు అనిపించింది. గుమ్మం ముందు ఉండటం ఒక్కటే చాలదు కదా. పిలిస్తే పలకాలి.

వెళ్లి బండికి ఎదురుగా నిలబడ్డాను.

"దిగండి. తాళం తీసి నా చేతికివ్వండి."

"ఏమైందే?"

"వాయిల్ గుడ్డ కనబడటం లేదు."

మా ఆయన అన్నయ్య వైపు చూశాడు, దీనికి పిచ్చి పట్టిందా అన్నట్టు. అన్నయ్య నవ్వేశాడు. "చెల్లెమ్మా, బట్టల పంచాయితీ మధ్యాహ్నం పెట్టుకుందాం. ముందు ఇంజను..." అని, నవ్వు సగంలో ఉండగానే ఆయన మొహం పాలిపోయింది.

"ఒరేయ్. గుడ్డ తీశావా?"

"నువ్వు తీశావు కదా బావా."

ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మా ఆయన తాళం తీసి, బండి దిగి, నా చేతిలో పెట్టాడు. రెండోసారి అడక్కుండానే.

అన్నయ్య క్లాంపు విప్పాడు. గొట్టం లాగాక లోపల ఏమీ కనబడలేదు. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, నా మీద. టార్చి వేసి, రెండు వేళ్లు పెట్టి తడిమి, ఆయన మెల్లగా లాగాడు. నల్లగా, నలిగి, ఎర్ర దారం మూలతో సహా వచ్చింది. గొట్టం నొక్కినప్పుడు లోపలికంటా వెళ్లిపోయింది. చక్రం రేకుల దాకా.

"స్టార్టింగు కొట్టి ఉంటే?" అన్నాను.

"ఒక్క గుటకలో మింగేది" అన్నాడు అన్నయ్య. "టర్బో తీసి పారేయడమే. నేను అడగబోయాను చెల్లెమ్మా. సరిగ్గా అప్పుడే నువ్వొచ్చావు."

"నేనొస్తే?"

"అప్పటిదాకా వేరే మాట నడుస్తోంది. నిన్ను చూసి అది మింగాను. దాంతో పాటు ఇదీ పోయింది."

నా దగ్గర దాచాలని మింగిన మాట, బండిని మింగబోయింది. పైకి అనలేదు. గుడ్డని దులిపి భుజం మీద వేసుకుని, మా ఆయన్ని అడిగాను.

"సొరంగం పనికి ఎప్పుడు వెళ్తున్నారు?"

అన్నయ్య పానాలు సంచిలో వేసుకోవడం మొదలెట్టాడు. "మీ వదిన ఎదురు చూస్తుంటుంది..."

"కూర్చోండన్నయ్యా. గొట్టం ఎవరు బిగిస్తారు?"

కూర్చున్నాడు. మా ఆయన మెట్టు మీద కూలబడి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ చెప్పాడు. పరుపుల షాపాయన సొంత బండి కొంటున్నాడట. వచ్చే నెల నుంచి మాకు పని ఉండదట. కొండ మీదికి పైపులు, సిమెంటు ఎక్కించే పని దొరికిందట. పైనే ఉండాలి, వారానికి ఒక రాత్రి ఇల్లు.

"దీనికి జ్వరం వస్తే?"

"పిన్నిగారికి చెప్పాను."

"పిన్నిగారికి చెప్పారు. మీ బావగారికి చెప్పారు. నాకు తప్ప వీధికంతా చెప్పారు."

"నువ్వు భయపడతావనే."

"భయపడితే పడతాను. భయపడటం నాకు అలవాటైన పనే. మీరు చెప్పకపోతే అనుమానపడే పని కూడా మీద పడుతుంది. రెండు పనులూ ఒక్కదాన్నే చెయ్యాలి, పిల్లని ఎత్తుకుని."

 అన్నయ్య ఉండబట్టలేకపోయాడు. ఆయన నోటికి అంతసేపు సెలవు ఎప్పుడూ దొరకలేదు.

"స్టేషన్ నుంచి కొండ కింద గోడౌన్ దాకా తోలే పని కూడా ఉంది కదరా. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి. వీడికే నచ్చలేదు."

నేను మా ఆయన వైపు తిరిగాను. "ఉందా?"

"ఉంది" అన్నాడు నేల చూస్తూ. "కానీ అదంతా చదును రోడ్డు. టర్బో ఉన్న బండితో చదును రోడ్డు మీద ఏం చేస్తాం."

అప్పుడు అర్థమైంది నాకు నాలుగో కారణం. దిగువ పనితోనే ఇల్లు గడుస్తుంది. ఈయనకి బండిని కొండ ఎక్కించాలని ఉంది. గొట్టం పని కోసం కాదు, పనే గొట్టం కోసం.

"ఇంటికొచ్చే పనే అడగండి. ఇప్పుడే. నాకు వినపడేలా."

స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. అవతలి గొంతు రేపు వచ్చి కలవమంది, కింది పనికి ఎవరూ రావడం లేదని సంతోషపడింది కూడా. మా ఆయన మొహం కాస్త చిన్నబోయింది. జాలి వేసింది, కానీ తాళం ఇంకా నా చేతిలోనే ఉంది.

గొట్టం మళ్లీ బిగించారు. ఈసారి టార్చి నేను పట్టుకున్నాను. లోపల ఖాళీగా ఉందని నేను చూశాకే అన్నయ్య క్లాంపు పెట్టాడు. తాళం ఇచ్చాను. ఇంజను అందుకుంది. పాత చప్పుడు కాదది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఎవరో పళ్ల మధ్య నుంచి గాలి పీల్చినట్టు ఒక ఈల. చంటిది పమిట వదిలేసి అటు తిరిగింది. మా ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టి, బడి నుంచి బహుమతి తెచ్చిన పిల్లాడిలా నా వైపు చూశాడు.

"బాగుంది కదా?"

ఆ ఈల కింద ఇంకేమైనా వినపడుతుందేమోనని చెవి పెట్టి విన్నాను.

"ఇందులో ఇంకేం దాచలేదు కదా?"

"నీ ముందే కదే బిగించింది."

"ఇందాక కూడా నా ముందే బిగించారు."

అన్నయ్య పకపకా నవ్వి, మళ్లీ టీ అడిగాడు. ఈసారి పంచదార తగ్గిందని వంక కూడా పెట్టాడు. అప్పుడు గానీ నా మనసు కుదుటపడలేదు.