ఎలక్ట్రాన్ బరువు

ఇబ్రహీంపట్నం చుట్టూ చెలకలన్నీ ప్లాట్లవుతున్న రోజులు. ఆ ప్లాట్ల మధ్యే లేచిన ఒక ఇంజినీరింగ్ కాలేజీలో యమున ఫిజిక్స్ చెప్పేది. ఒకప్పుడు పీహెచ్‌డీ మొదలుపెట్టింది. ఎలక్ట్రాన్లు, క్వార్కులే అన్నిటికన్నా చిన్నవి కావని, వాటి లోపల ప్రియాన్లనేవి ఉండొచ్చని కొందరు కట్టిన సిద్ధాంతాల మీద. మధ్యలోనే వదిలేసింది. ఎందుకని అడిగితే పెళ్లి, పిల్లలు అనేది.

ఆ ఏడు యాచారం నుంచి సుసన్న అనే కొత్త లెక్చరర్ వచ్చింది. ఆమెకూ అదే పిచ్చి.

"మ్యూవాన్ అనే కణం అచ్చం ఎలక్ట్రాన్ లెక్కనే అక్కా, బరువొక్కటే ఎక్కువ. ఒకే తీరువి మళ్ల మళ్ల ఎందుకున్నయ్? లోపల ఇంకేదో ఉంటదనే గద!" అనేది అన్నం తింటూ.

ఒకప్పుడు తను గైడుతో అన్న మాటే ఇంకొకరి నోట వింటుంటే యమున సగంలోనే డబ్బా మూసేసేది. యూనివర్సిటీ సెమినార్‌లో మాట్లాడమని సుసన్నకు పిలుపొచ్చిన రోజు అందరితో పాటు మిఠాయి తిన్నది గానీ, ఆ పూట క్లాసులో పిల్లల మీద ఊరికే అరిచింది.

"జర చూడక్కా, తప్పులుంటే చెప్పు," అని సుసన్న తన ప్రసంగం రాసుకున్న కాగితాలు ఇచ్చింది.

యమున చదివింది. బాగుంది. అంత బాగుండడమే ఆమెను కాల్చింది. ఒక్కచోట మాత్రం పెద్ద బొక్క. ప్రియాన్లను అంత ఇరుకులో కుక్కితే విపరీతమైన శక్తితో ఉరకాలి. ఆ శక్తంతా బరువుగా తేలాలి. మరి ఎలక్ట్రాన్ అంత తేలికెట్లా అయింది?

"మస్తుగుంది. ఏం ఫికర్ చెయ్యకు," అన్నది యమున.

సెమినార్‌కు తోడుగా పోయి ముందు వరుసలోనే కూర్చుంది. చివర్లో ఒక పెద్ద ప్రొఫెసర్ లేచి సరిగ్గా అదే అడిగాడు. యమున ముందుకు వంగింది.

"నాకు తెల్వదు సార్. ఇది తేలకపోతే నా మోడల్ నిలవదు," అన్నది సుసన్న. వెంటనే చాక్‌పీసు తీసుకుని, "ఎంత ఇరుకంటరు?" అని ఆయన్నే అడిగింది. అందరూ భోజనాలకు లేచినా వాళ్లిద్దరూ బోర్డు వదల్లేదు. తన దగ్గర పీహెచ్‌డీలో చేరమన్నాడాయన.

యమున కుర్చీలోనే ఉండిపోయింది. తనను గైడు ఇదే అడిగిన రోజు తెలియదనలేక ఏదేదో చెప్పి, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

తిరుగు బస్సులో సుసన్న అడిగింది. "ఆ ప్రశ్నొస్తదని నీకు ముందే తెల్సా అక్కా?"

"అవ్, తెల్సు."

"మరి చెప్పలే?"

"చెప్పబుద్ధి కాలే. అందరి ముందట నువ్వు ఆగిపోతే చూద్దామనుకున్న."

"గంత కోపమా నా మీద?"

"కోపం కాదు. కుళ్లు."

సుసన్న లేచి వెనక సీట్లోకి పోయింది. మరునాటి నుంచి అక్క పోయి మేడమ్ అయింది.

పీహెచ్‌డీ కోసం కాలేజీ వదిలే రోజున సుసన్నే వచ్చి యమున ముందు నిలబడింది. "మేడమ్, ఆ బరువు లెక్క మీరు ఎక్కడిదాకా చేసిన్రు?"

ఖాళీ క్లాసులో యమున బోర్డు మీద రాస్తూ పోయింది. తను నెలల తరబడి తిరిగిన మలుపుల్ని సుసన్న ఇట్టే పట్టేస్తోంది. యమునలో ఆ కుళ్లు మళ్లీ లేచింది. అయినా చాక్‌పీసు కింద పెట్టలేదు.