కరెంటుకు గండి

అంకయ్య డాబా మీద సోలార్ ప్యానెళ్ళు బిగించి, నెట్ మీటరు పెట్టిన రోజున, తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఇంజనీరు ఈశ్వరప్రసాద్ వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు. ఆ మాట చెప్పకుండా బండెక్కి ఉంటే చాలామంది సుఖపడేవాళ్ళు.

"మీరు వాడుకోగా మిగిలిన కరెంటు లైనులోకి వెళ్ళిపోద్దండి. అది మీకు జమేసి, రాత్రి వాడకంలో తీసేస్తారు."

"లైనులోకెళ్ళి, ఆనక ఎక్కడికి పోద్దండి?" అని అడిగాడు అంకయ్య.

"ఎక్కడికో ఎందుకండీ, ముందు పక్కింటోళ్ళే వాడేసుకుంటారు."

పక్కిల్లు తమ్ముడు చంద్రశేఖర్‌ది.

అన్నదమ్ముల ఇళ్ళకు మధ్య గోడ ఒకటే. కొల్లేటి పక్కనున్న వాళ్ళ చేపల చెరువులకు మధ్య గట్టూ ఒకటే. మూడేళ్ళ కిందట వరదకు ఆ గట్టుకు గండి పడింది. అంకయ్య మేత వేసి పెంచిన శీలావతులూ బొచ్చెలూ పల్లంలో ఉన్న తమ్ముడి చెరువులోకి దర్జాగా వెళ్ళిపోయాయి. నా చేపలు నాకిచ్చెయ్యమని అన్న అడిగాడు. "చేప మీద పేరు రాసుంటదేంటి అన్నయ్యా?" అని తమ్ముడు నవ్వాడు. నవ్వి, వల లాగించి, అన్నిటినీ కలిపి లారీకెక్కించాడు. చేపలు పోయినందుకు అంకయ్య అంతగా ఏడవలేదు. ఆ నవ్వుకే ఏడ్చాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. వాళ్ళ భార్యలు వీరలక్ష్మీ వీరదుర్గా మాత్రం గోడ మీంచి కూరగిన్నెలూ కబుర్లూ మార్చుకుంటూనే ఉన్నారు. ఆ సంగతి మగవాళ్ళకు తెలుసు, తెలియనట్టుంటారు.

ఇప్పుడు మళ్ళీ గండి పడింది. చెరువుల మీద బతికే మనిషికి ఎక్కడో గండి పడిందని తెలిశాక, అది పూడ్చేదాకా అన్నం సయించదు. మర్నాటి నుంచి అంకయ్య ఎండ ఎక్కగానే ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ వేశాడు. నిండిన ట్యాంకులోకే మళ్ళీ మోటారు వేశాడు. గీజరూ వేశాడు.

"రోహిణీ కార్తెలో వేణ్ణీళ్ళు ఎవరు పోసుకుంటారండీ?" అంది వీరలక్ష్మి.

"ఎవరూ పోసుకోవద్దు. కాగనీ."

డాబా మీంచి నీళ్ళు కారి వీధంతా బురదయ్యాక ఆమె మోటారు స్విచ్చి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇక లాభం లేదని అంకయ్య ఏలూరు వెళ్ళి పెద్ద బ్యాటరీ కొని తెచ్చాడు. ఈశ్వరప్రసాదే వచ్చి బిగించాడు. మిగిలిందంతా అందులోనే దాచుకుంటే తమ్ముడికి చుక్క కూడా దక్కదని అంకయ్య లెక్క. బ్యాటరీ మధ్యాహ్నం కాకముందే నిండిపోయింది. ఆపైన కరెంటు ఎప్పట్లాగే గోడ దాటింది.

"చెరువు నిండాక తూము వదలాల్సిందే కదండీ," అన్నాడు ఈశ్వరప్రసాద్ ఫోన్లో.

పూడ్చలేని గండిని అంకయ్య నోటితోనైనా పూడుద్దామనుకున్నాడు. టీకొట్టు దగ్గర నలుగురూ వినేలా, "మా తమ్ముడు మిట్టమధ్యాన్నం ఏసీలో పడుకుంటున్నాడంటే నా ప్యానెళ్ళ చలవే," అన్నాడు. ఆయన టీ తాగి ఇంటికొచ్చేలోపే ఆ మాట పక్కింటికి చేరింది.

మర్నాడు మధ్యాహ్నం ప్యానెళ్ళ కరెంటును లైనుకు కలిపే ఇన్వర్టరు ఎర్రలైటు వేసుకుని కుయ్యికుయ్యిమంది. ఆ మర్నాడూ అంతే. ఈశ్వరప్రసాద్ మళ్ళీ వచ్చి, ఇన్వర్టరు చూసి, వీధిలోకెళ్ళి స్తంభం చూసి, పక్కింటి వైపు చూసి తిరిగొచ్చాడు.

"మిషన్లో తప్పేం లేదండి. మీది శివారు కనెక్షను. లైను చివర ఉన్నయ్యి మీ రెండిళ్ళే. దగ్గర్లో వాడేవాళ్ళు లేకపోతే వోల్టేజీ పెరిగిపోద్ది, పెరగ్గానే ఇన్వర్టరు లైనుని వదిలేస్తది, ఇక మీకు జమ పడదు. ఇన్నాళ్ళూ పక్కింటి ఏసీ లాగేసుకుంటంది కాబట్టి మీది నడిచింది."

"ఇప్పుడేమైంది?"

"లాగట్లేదండి."

"ఊరెళ్ళుంటాడు," అన్నాడు అంకయ్య.

మజ్జిగ గ్లాసు తెచ్చిన వీరలక్ష్మి అది ఇంజనీరు చేతికిచ్చి మొగుడి వైపు తిరిగింది. "ఎక్కడికీ వెళ్ళలేదు. మీరు కొట్టు దగ్గర వాగిన కాణ్ణుంచీ పొద్దున్నే మెయిన్ కట్టేసి పొద్దుగూకాక వేస్తన్నాడంట. వీరదుర్గ ఏడుస్తా చెప్పింది. మీ తమ్ముడికి ఎండ పడదని మీకు తెలీదా ఏంటి?"

అంకయ్యకు తెలుసు. చిన్నప్పుడు ఓ వేసవిలో చంద్రశేఖర్ గట్టు మీద కళ్ళు తిరిగి పడిపోతే, వీపున వేసుకుని డాక్టరు దగ్గరకు పరుగెత్తింది తనే. ఆ వేళ వాడి ఒళ్ళు పెనంలా కాలిపోయింది.

"ట్రాన్స్‌ఫార్మరు దగ్గర సరిచేయించొచ్చండి, కానీ టైము పడద్ది," అన్నాడు ఈశ్వరప్రసాద్ మజ్జిగ తాగుతూ. "ఈలోగా పక్కింటోళ్ళని కాస్త ఏసీ వేసుకోమని బతిమాలండి."

అంకయ్య చెప్పులేసుకున్నాడు.

చంద్రశేఖర్ వసారాలో తడితువ్వాలు నెత్తిన వేసుకుని, తాటాకు విసనకర్రతో విసురుకుంటున్నాడు. మొహం కందగడ్డలా ఉంది. అన్నను చూసి విసరడం ఆపలేదు.

"ఏసీ వెయ్యరా," అన్నాడు అంకయ్య. మూడేళ్ళ తర్వాత అదే మొదటి మాట.

"నీ కరెంటు నాకక్కర్లేదు."

"నువ్వు వెయ్యకపోతే నాది ఆగిపోతంది."

"ఆగనీ."

అంకయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాడు. తమ్ముడి మెడ మీంచి చెమట ధారగా కారుతోంది.

"దాని మీద నా పేరు రాసుందేంట్రా?" అన్నాడు.

విసనకర్ర ఆగింది. అన్న నవ్వుతున్నాడేమోనని చంద్రశేఖర్ తలెత్తి చూశాడు. నవ్వడం లేదు.

"ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది అన్నయ్యా," అన్నాడు చివరికి.

"ఆఁ. లే, ముందు మెయిన్ వెయ్యి."

చంద్రశేఖర్ మెయిన్ వేసి, గదిలోకెళ్ళి, రిమోటు పట్టుకుని అన్న వైపు చూశాడు. "ఎంతలో పెట్టమంటా?"

"పద్దెనిమిదిలో పెట్టు."

కాసేపటికి గోడవతల నుంచి వీరలక్ష్మి కేకేసింది. "ఏవండీ, పచ్చలైటు వచ్చిందండీ! ఇంక వచ్చెయ్యండి!"

అంకయ్య మంచం మీద తమ్ముడి పక్కన కూర్చున్నాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల ఇద్దరికీ వణుకు మొదలైంది. పెంచితే ఇన్వర్టరు ఆగిపోతుందని ఒకడూ, పెంచితే అన్నయ్య లేచి వెళ్ళిపోతాడని ఒకడూ రిమోటు ముట్టుకోలేదు. గదిలో ఉన్న దుప్పటి ఒకటే. చెరో కొస లాక్కుని కప్పుకున్నారు.