తగలదు

నేను ఒక ఆట నియమాల పుస్తకాన్ని. కాకినాడలో ఒక జిరాక్స్ షాపులో పుట్టాను. ఇంగ్లీషు నుంచి నన్ను తెలుగులోకి దించింది నీలవేణి, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మనిషి. ఆదివారం మధ్యాహ్నాలు ఐదుగురు నా చుట్టూ కూర్చుని, పాచికలు వేసి, మాటలతోనే కోటలు పట్టేవాళ్ళు, రాక్షసుల్ని చంపేవాళ్ళు. కథ నడిపేదీ తీర్పు చెప్పేదీ అదే కాలేజీ లెక్కల లెక్చరర్ చక్రపాణి. నన్ను చదవడం కంటే నాతో ఎదుటివాళ్ళ నోరు మూయించడమే అతనికి ఇష్టం. అతనంటే నాకు ఒళ్ళుమంట.

ఆటలో నీలవేణిది కేతకి అనే వైద్యురాలి పాత్ర. రెండేళ్ళు ప్రాణంగా పెంచుకుంది. ఆ ఆదివారం కేతకి ఒంట్లోకి విషం ఎక్కింది, ఎదురుగా నిప్పులు కక్కే సర్పం. మంటలు తగలకుండా తన చుట్టూ రక్షణ వలయం గీసుకుని, విషం దిగడానికి ప్రాణదాన మంత్రం వేసుకుంది.

చక్రపాణి నా నలభై ఒకటో పేజీ తీశాడు: 'వలయంలో ఉన్నవారికి ఏ మంత్రమూ తగలదు.' కాబట్టి ప్రాణదానం పనిచెయ్యదు, కేతకి చచ్చిపోయిందన్నాడు. నీలవేణి అరవై మూడో పేజీ తీసింది: 'ప్రాణదానం ఎవరికైనా, ఎక్కడున్నా పనిచేస్తుంది.' రెండూ నావే. రెండు నియమాలు కొట్టుకుంటే ఏది నెగ్గుతుందో నాలో ఒక్క ముక్క లేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను.

"తగలడమంటే దెబ్బ తగలడమండీ. మందు ఎక్కడైనా తగులుతుందా?" అంది నీలవేణి.

"మీరేమనుకున్నారో నాకనవసరమండీ. రాసిందే చూస్తాను."

"రాసింది నేనేనండీ."

"అయితే సరిగ్గా రాసుండాల్సిందండీ."

గోదావరి మనుషులు కదా, పీకలు కోసుకునేటప్పుడు కూడా 'అండీ' వదలరు. మిగతా ముగ్గురు పిరికివాళ్ళు టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. చక్రపాణి ఎర్ర పెన్ను తీసి కేతకి పేరు కొట్టేశాడు. నీలవేణికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఇంక నీ మొహం చూడను" అంది. నలభై ఒకటో పేజీని పర్రున చింపి, బ్యాగులో కుక్కుకుని వెళ్ళిపోయింది. రెండేళ్ళలో ఆమె నోట 'అండీ' లేని మాట నేను విన్నది అదొక్కటే.

పోయింది రక్షణ వలయమేనని అందరూ అనుకున్నారు. ఆ కాగితం వెనక వైపు ఏముందో ఒక్కరూ ఆలోచించలేదు. నలభై రెండో పేజీలో ఉన్నవి చావు నియమాలు.

ఇప్పుడు పాత కాగితాల దుకాణంలో, నీళ్ళకి తడిసిన గైడ్ల కింద పడి ఉన్నాను. నా ప్రకారం ఇక ఆటలో ఎవరూ చనిపోరు, కేతకితో సహా. ఆడేవాళ్ళే లేరు.