పదకొండు సెకన్ల వీపు

నెల్డాకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తను చూడని క్షణంలో పాప ఊపిరి ఆగిపోతుందని. పాప పేరు ట్రూడీ. వయసు అయిదు నెలలు, బరువు పుచ్చకాయంత, గొంతు మాత్రం ఫైరింజను గంటంత. అలాంటి పిల్లకి ఊపిరి ఆగడమేమిటని డాక్టరు నవ్వాడు. ఆయన నవ్వితే భయం పోతుందా? పాప కన్ను మూసినప్పుడల్లా నెల్డా పౌడరు డబ్బాలోని అద్దం తీసి ఆ చిట్టి ముక్కు కింద పెట్టేది. అద్దం మసకబారాక తనూ ఊపిరి పీల్చుకునేది. పది నిమిషాలకి మళ్ళీ అద్దం.

పదో తరగతి మధ్యలో బడి మానేసి, పద్దెనిమిదికి పెళ్ళి, పంతొమ్మిదికి బిడ్డ. చదువుకున్న తల్లులకి తెలిసినదేదో తనకి తెలియదనీ, ఆ తెలియనిదే ఏదో రోజు కొంప ముంచుతుందనీ ఆమె అనుమానం.

వాళ్ళుండేది హాలీవుడ్‌లో, వెస్టర్న్ అవెన్యూ పక్క సందులో, గులాబీ రంగు వెలిసిపోయిన వాటాల్లో. ముంగిలికి అవతలి వాటాలో విన్నీ హేజ్ ఒక్కతే ఉండేది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, వెన్ను మాత్రం కర్రలా నిటారు. పొద్దున లేవగానే విన్నీ కిటికీ తెర పైకి లాగాలి, తొమ్మిదింటికల్లా లాగకపోతే నెల్డా వెళ్ళి తలుపు కొట్టాలి. ఈ ఏర్పాటు నెల్డాదే. ఆమె భయం పాపతో ఆగక ముంగిలి దాటి పాకింది మరి.

"రేపట్నుంచి నా ముక్కు కిందా అద్దం పెడతావా ఏం?" అనేది విన్నీ.

"నిద్రలో ఉంటే పెడతాను, మిస్ విన్నీ," అనేది నెల్డా, నవ్వకుండా.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది మే నెలలో ఒక మధ్యాహ్నం నెల్డా మొగుడు రాయిస్ భోజనానికి వచ్చి, బల్ల మీద ఒక పాసు పడేశాడు. సినిమా డబ్బాలు హాళ్ళకి చేరవేసే వ్యాను నడుపుతాడతను.

"బెద్రోసియన్ ఇచ్చాడు. ఆయన హాల్లో ఈ వారమంతా పాతకాలం తార ఐరిస్ డెవరో సినిమాలేనట. రోజూ ఒంటిగంట ఆట. ఈ పాసుకి వారమంతా వెళ్ళొచ్చు. వెళ్ళు నెల్లీ."

"పాపనెవరు చూస్తారు?"

"ఆదివారం నేను చూస్తాగా."

"పోయిన ఆదివారం నువ్వే చూశావు. పాప కంటే ముందు నువ్వు పడుకున్నావు. ఇద్దరికీ అద్దం పెట్టాల్సొచ్చింది!"

కాఫీకి వచ్చి కూర్చున్న విన్నీ ఈ మాటకి నవ్వలేదు. ఆమె చేతిలో కప్పు గాల్లో ఆగిపోయింది.

"ఐరిస్ అన్నావా? ఆ మెట్లు దిగే సినిమా కూడా ఉందా?"

"మూడు రోజులు అదేనట. ఏం, చూస్తారా మీరు?"

"నేనా? చచ్చినా చూడను," అని విన్నీ కప్పు కింద పెట్టింది. "ఆవిడకి బదులు నిలబడే మనిషిని నేనే, తొమ్మిదేళ్ళు."

రాయిస్ నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. ఏడాదికి పైగా ఎదురుబొదురు ఉంటున్నా ఈ మాట ఎవరికీ తెలియదు.

"లైట్లు సర్దడానికి రెండేసి గంటలు పట్టేది," అంది విన్నీ. "ఆవిడంత ఎత్తు, ఆవిడ రంగు జుట్టు ఉన్న మనిషి అక్కడ కదలకుండా నిలబడాలి. నేల మీద ప్లాస్టరు ముక్కతో ఒక గుర్తు అంటించేవాళ్ళు. దాని మీద నేను నిలబడేదాన్ని. అంతా సిద్ధమయ్యాక ఆవిడ వచ్చేది, నేను తప్పుకునేదాన్ని."

"ఆ రెండు గంటలూ ఆవిడేం చేసేది?" అడిగింది నెల్డా.

"ఏం చేస్తుంది, గుర్రుపెట్టి నిద్రపోయేది! ఆ మొహంలో వెన్నెల కాస్తుందని జనం ఇప్పటికీ వెర్రెత్తిపోతారే, ఆ వెన్నెల అసలు పేరు నిద్ర. నీ మొహం చూసుకున్నావా పిల్లా? కళ్ళ కింద రెండు బొగ్గు బస్తాలు."

తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఒకనాడు ఐరిస్ కాలు బెణికింది. నాట్యశాల మెట్లు దిగే ఘట్టం ఆగకూడదు. వెనకనుంచి తీసేద్దామన్నారు. నల్లటి గౌను, వెనక నడుము దాకా కోత. ఆ వీపు విన్నీది. పదకొండు సెకన్లు.

"మరి ఒక్కసారైనా చూడలేదా?"

"లేదు. పాత రీళ్ళు తెగుతుంటాయి, తెగినచోట కత్తిరించి అతికిస్తారు. వెళ్ళాక నా ముక్క లేదనుకో? ఇప్పుడైతే ఉందనే అనుకుంటున్నా. అనుకోవడం హాయిగా ఉంది." బల్ల మీది పాసుని వేలితో నెల్డా వైపు జరిపింది. "నువ్వు చూసి చెప్పు. పాప దగ్గర నీ బదులు నేను నిలబడతా. నా పనే అది కదా."

నెల్డా పాప వైపు చూసింది. వద్దనబోయింది. కానీ నలభై ఏళ్ళుగా చూడ్డానికి భయపడిన మనిషి అడుగుతోంది. చూడకుండా ఉండలేక చస్తున్న తను ఎలా కాదనగలదు?

మర్నాడు పన్నెండున్నరకి విన్నీ వచ్చి ఉయ్యాల తొట్టి పక్కన నిలబడి, "నా గుర్తేదీ?" అంది.

"ఏం గుర్తు?"

"గుర్తు లేకుండా ఎక్కడ నిలబడను?"

నెల్డా మందుల డబ్బాలోంచి ప్లాస్టరు తీసి, తొట్టి పక్కన నేల మీద రెండు ముక్కలు అడ్డంగా, నిలువుగా అంటించింది. విన్నీ దాని మీదకెక్కి, పాప వైపు చూపు నిలిపింది. నెల్డా అద్దం ఇచ్చి, ఎలా పెట్టాలో మూడుసార్లు చెప్పి, తలుపు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చింది.

"మళ్ళీ వచ్చావంటే పాపని లేపుతా," అని విన్నీ బెదిరించింది.

హాలు ముందు క్యూ మలుపు దాకా ఉంది. ఎండలో చేతులకి తొడుగులు వేసుకున్న పూల దుకాణం ముసలాయన, ఐరిస్‌లా జుట్టు చుట్టుకున్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు.

"నీ కనుబొమ్మ ఐరిస్‌ది కాదే, ప్రశ్నార్థకం!"

"నీది మరి గొంగళిపురుగు!"

నెల్డా మూడో వరుసలో కూర్చుంది. చీకటి, చల్లదనం, మెత్తటి కుర్చీ. తెర మీద పేర్లు పడుతున్నాయి.

లైట్లు వెలిగాక ఎవరో భుజం తట్టారు. హాలు యజమాని బెద్రోసియన్. "తల్లీ, సినిమా అయిపోయింది. గురక బాగుంది, సంగీతం కంటే."

నెల్డా చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తింది. విన్నీ గుర్తు మీద అలాగే ఉంది, అంగుళం కదలలేదు. పాప నిద్రలో పెదవులు చప్పరిస్తోంది.

"ఉందా?" అంది విన్నీ, తల తిప్పకుండానే.

నెల్డా బావురుమంది. "నిద్రపోయాను, మిస్ విన్నీ! మొత్తం నిద్రపోయాను!"

విన్నీ ఆమె గడ్డం పట్టుకుని కిటికీ వెలుతురులోకి తిప్పింది. "చూశావా, అప్పుడే కాస్త వెన్నెలొచ్చింది. ఏడుపెందుకు? రేపూ ఆట ఉందిగా."

మర్నాడు నెల్డా రెండు కప్పుల చిక్కటి కాఫీ తాగి వెళ్ళింది. "ఇవాళ దిండు తెచ్చుకోలేదా?" అన్నాడు బెద్రోసియన్. ఈసారి కళ్ళు విప్పార్చుకుని చూసింది. ఐరిస్ నవ్వితే హాలంతా నవ్వింది. ఆవిడ సిగరెట్టు వెలిగించుకోవడానికి తల వంచితే, తను పుట్టడానికి ముందే తీసిన సినిమా అయినా, నెల్డాకి తన గురించే తీశారనిపించింది. అంతలో మెట్లు వచ్చాయి. నల్ల గౌను. కర్రలా నిటారుగా, తనకి బాగా తెలిసిన ఆ వెన్ను.

హాలంతా ఒక్కసారిగా నిట్టూర్చింది. గొంగళిపురుగు కనుబొమ్మల పిల్ల "అబ్బా!" అంది. నెల్డా వేళ్ళ మీద లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గర తెర మీద బొమ్మ ఒక్క ఎగురు ఎగిరి ఐరిస్ మొహం వచ్చేసింది.

ఇంటికొచ్చే దారి పొడుగునా అబద్ధం చెబుదామా అనుకుంది. గుర్తు మీద నిలబడ్డ విన్నీని చూశాక చెప్పలేకపోయింది.

"ఉంది. కానీ తొమ్మిదే."

విన్నీ మొహం అటు తిప్పుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని నెల్డా దగ్గరికెళ్తే, నవ్వు!

"నలభై ఏళ్ళలో రెండేనా పోయింది? నా పళ్ళే అంతకంటే ఎక్కువ పోయాయి కదే!" కళ్ళు తుడుచుకుని అడిగింది, "జనం ఏమన్నారు?"

"'అబ్బా' అన్నారు. అంతా."

"ఐరిస్‌ని చూసి."

"కాదు. మీ వీపుని చూసి."

మూడో రోజు ముగ్గురూ వెళ్ళారు. పాప నెల్డా ఒళ్ళో పడుకుంది. ఆ రెండు గంటల్లో అద్దం ఒక్కసారే బయటికొచ్చింది, అదీ విన్నీ పెదవుల రంగు సరిచూసుకోవడానికి. మెట్లు వచ్చినప్పుడు విన్నీ కుర్చీలోనే నిటారుగా అయింది. హాలు నిట్టూర్చింది. పూల దుకాణం ముసలాయన తొడుగు చేత్తో కళ్ళొత్తుకున్నాడు. ఆయన పక్కన కూర్చున్నదెవరో ఆయనకి తెలియదు. చెప్పబోతే విన్నీ నెల్డా మోకాలు గిల్లింది.

ఆకులు రాలే కాలానికి రాయిస్‌కి దూరంగా ఫ్రెస్నో ఊళ్ళో పని దొరికి, వాళ్ళు వెళ్ళిపోయారు. నెల్డా ఇప్పుడు రాత్రికి రెండుసార్లే లేస్తోంది. కానీ ఫ్రెస్నో నుంచి విన్నీ కిటికీ కనబడదు కదా. మీరెవరైనా వెస్టర్న్ అవెన్యూ వైపు వెళ్తే, ఆ గులాబీ వాటాల్లో ఎడమ చేతి చివరి కిటికీ ఒకసారి చూడండి. తొమ్మిదయినా తెర లేవకపోతే తలుపు తట్టండి. వెంటనే వెళ్ళిపోకండి, ఆవిడ నెమ్మదిగా వస్తుంది. ఎలా ఉందో నెల్డాకి ఒక్క ముక్క రాయండి.