టైల్స్ మీద మట్టిస్నానం

"ఇవాళ్టి పేపరేది?" హాల్లోంచి ఆయన అడిగారు.

"కోళ్ళ కింద."

"ఇవాళ్టిదా?"

"మీరు చదివేశారనుకున్నాను."

"పజిలు పేజీ బస్సులో చేసుకుంటానని తెలుసుగా."

"ఆ పేజీ మీద ఇంకా ఏమీ పడలేదు. తెచ్చివ్వనా?"

"వద్దులే. కోళ్ళనే పూర్తి చెయ్యమను. అడ్డం, నిలువు రెండూ వాటికే వచ్చు."

మా అమ్మాయి ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, ఏమిటన్నట్టు చూసి, మళ్ళీ పెట్టేసుకుంది. ఆ పూటకి ఇంట్లో మాటలు అయిపోయాయి. కాసేపటికి తండ్రీ కూతుళ్ళు చెరో ఆఫీసుకీ వెళ్ళిపోయారు.

కోళ్ళు అమ్మాయి తెచ్చినవే. కాలేజీలో ఉండగా ఏదో ప్రదర్శనకి కొన్న కోడిపిల్లల్ని, అది అయిపోయాక అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. కొన్నాళ్ళు ముద్దు చేసింది. తరవాత అవి నావైపోయాయి. ఎర్రది ఇన్‌స్పెక్టరు. ప్రతి మూలా తనిఖీ చేస్తుంది. తెల్లది అత్తగారు. నేను తుడిచిన చోటుకే వచ్చి, మెడ వంచి, ఏం తుడిచావన్నట్టు చూస్తుంది. ఇద్దరి కాపురమూ వంటింటి వెనక, వాషింగ్ మెషీను ఉన్న చిన్న గదిలో.

వాటి రెట్ట గురించి నాకు తెలిసినంత ఈ వీధిలో ఇంకెవరికీ తెలియదు. ఎండినదాన్ని గీకాలి. తడిదాన్ని తుడవకూడదు, టైల్స్ సందుల్లోకి దిగిపోతుంది. దాని మీద రంపపు పొట్టు చల్లి, ఆరనిచ్చి, అప్పుడు ఎత్తాలి. అన్నిటికంటే మొండిది జిగురుగా ఉండే గోధుమరంగుది. దాన్ని మాత్రం పడగానే తీసెయ్యాలి, లేకపోతే దాని వాసన పడకగది దాకా వచ్చి పలకరిస్తుంది. హాల్లోకి తెచ్చినప్పుడు తోక కింద తొడగడానికి ఆయన పాత చొక్కాలతో గుడ్డసంచులు కుట్టాను. గళ్ళ చొక్కాలో అత్తగారు వెనకనుంచి అచ్చం ఆయనలాగే నడుస్తుంది. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు. చెబుదామనుకున్న రోజున ఆయన ఫోనులో ఉన్నారు.

పగలంతా వాటితోనే మాట్లాడతాను. ఉప్పెక్కువైందా అని అడిగితే ఇన్‌స్పెక్టరు తల తిప్పి చూస్తుంది. ఈ మధ్య ఈ ఇంట్లో నా మాటకి తల తిప్పుతున్నది అదొక్కటే.

శనివారం అమ్మాయి అంది, "అమ్మా, సాయంత్రం మా ఆఫీసువాళ్ళు వస్తున్నారు. వాసన..."

"రాదు. పొద్దున్నే అంతా గీకేశాను."

"నీకు అలవాటైపోయిందమ్మా. నీకు తెలీదు."

ఆ మాట మనసులో పెట్టుకునే బజారుకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి చిన్నగది తలుపు మూసి ఉంది. తెరిస్తే పూల వాసన గొంతులో పట్టేసింది. అమ్మాయి కిటికీలు బిగించి, సెంటు స్ప్రే డబ్బా మొత్తం కొట్టేసింది. ఇన్‌స్పెక్టరు నోరు తెరిచి, మెడ సాచి, ఊపిరి కోసం గింజుకుంటోంది. అత్తగారు మూలకి ఒదిగిపోయింది.

"నీకు పని తప్పుతుందని..." అంది అమ్మాయి. ఆ మాట నిజమే. అందుకే తిట్టలేకపోయాను.

రెండిటినీ కూరల బుట్టలో పెట్టుకుని మెట్లు దిగాను. నాకు తెలిసిన ఆరుబయలు ఒక్కటే, రంపపు పొట్టు తెచ్చుకునే వడ్రంగి దుకాణం వెనక పెరడు. అక్కడ వడ్రంగి అక్క కుర్చీలకి పాలిష్ పెడుతూ ఉంటుంది.

"ఏమ్మా, ఇవాళ పొట్టు కోసం కోళ్ళనే వెంటబెట్టుకొచ్చారా?" అంది. నా ముఖం చూసి వెంటనే బుట్ట అందుకుంది.

నీడలో దించాం. చాలాసేపు ఇన్‌స్పెక్టరు కదల్లేదు. మెల్లగా నోరు మూసింది. కళ్ళు తెరిచింది. లేచి రెండడుగులు వేసి, పొడిమట్టిలో పక్కకి ఒరిగి, కాళ్ళతో మట్టిని రెక్కల్లోకి ఎగజిమ్ముకోవడం మొదలుపెట్టింది. దులుపుకుంది. మళ్ళీ పడుకుంది.

అచ్చం అలాగే మా ఇంట్లో వాషింగ్ మెషీను పక్కన, ఒట్టి టైల్స్ మీద అది రోజూ ఒరిగి కాళ్ళు ఆడించేది. లేని మట్టిని ఒంటి మీదకి ఎగజిమ్ముకునేది. "వెర్రిదానా, అక్కడేముందే" అని నవ్వేదాన్ని.

"తమ్ముడు రంపం ఆడించాడంటే నేను చచ్చినా వినపడదు," అంది వడ్రంగి అక్క. "పగలంతా కుర్చీలకే కబుర్లు చెప్పుకుంటాను."

"నేను వీటికి చెబుతాను."

"అయితే ఇద్దరికీ సరిపోయింది. ఊరికే కూర్చోలేరు కదా, ఇదిగో." గరుకు కాగితం ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది. కుర్చీ కోడు పట్టుకుని రుద్దాను. ఆవిడ వాళ్ళ మేనకోడలి పెళ్ళిచూపుల గురించి చెప్పింది. నేను గళ్ళ చొక్కా సంగతి చెప్పాను. ఆవిడ పాలిష్ గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముక్కు మీద పాలిష్ అంటింది.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి స్నేహితులు వెళ్ళిపోయారు. సింకు నిండా కప్పులు. "బాగానే ఉందా?" అని అమ్మాయి మెల్లగా అడిగింది. బాగానే ఉందన్నాను. కోళ్ళని ముందు బాల్కనీలో ఉంచి, అన్నం వడ్డించాను.

"ఇవాళ ఇల్లు మంచి వాసనొస్తోంది," అన్నారు ఆయన.

కూర గరిటె గిన్నెలో పెట్టేశాను. "కోళ్ళని రేపు వడ్రంగి పెరట్లోకి పంపించేస్తున్నాను. వాళ్ళక్క సరేనంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "అయ్యో, అంతపని ఎందుకమ్మా," అంది అమ్మాయి, తేలికపడిన గొంతుతో.

"మంచిపని చేశావు," అన్నారు ఆయన. "నీకూ కాస్త తెరిపి."

"నేనూ అక్కడికే వెళ్తున్నాను. రోజూ, మీరు వెళ్ళాక. పాలిష్ పని నేర్పుతానంది."

ఆయన చెయ్యి కంచం మీద ఆగింది. "పగలు ఎవరైనా వస్తే?"

"ఎవరొస్తారండీ?"

అమ్మాయి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, కంచం పక్కన పెట్టింది. రెండోది కూడా తీసింది.

"తాళంచెవులు ఇంకో రెండు చేయించుకోండి," అన్నాను. "పేపరు మాత్రం రేపట్నుంచి మొత్తం మీదే."