వాకిట్లో పడుకోబెట్టమంది

తియ్యగా మాట్లాడేవాళ్ళను నేను నమ్మను. మా గార్లదిన్నె ఆస్పత్రికి కొత్తగా వచ్చిన నర్సు సువార్తకు మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. గోదావరి వైపు మనిషట. ఏదో దాచేవాళ్ళకే కదా అంత మర్యాద అవసరం!

మా ఆయన పుల్లన్నకు టీబీ అని తేలింది. ఆమె ఇంటికొచ్చి మాత్రలిచ్చింది. మర్నాడే మూత్రం ఎర్రగా వచ్చింది. పరుగున పోయి పిలుచుకొచ్చి అడిగితే, "ఏం పర్లేదండీ, ఆ మందుకి అలాగే వస్తుందండీ" అని నవ్వింది. మొగుడికి నెత్తురు పోతుంటే నవ్వేదాన్ని ఏమనాలి?

పోతూ పోతూ ఇంకో మాట అంది. "గదిలో గాలి ఆడట్లేదండీ. పెద్దాయన్ని వాకిట్లో పడుకోబెట్టండి."

మా ఇళ్ళలో మనిషిని తెచ్చి వాకిట్లో పడుకోబెట్టేది ప్రాణం పోయే గడియలోనే. లోపల పోతే ఇల్లు నెలల తరబడి మూసెయ్యాల్సొస్తుందని భయం. అంటే ఈయన ఇంక దక్కడు. అది తెలిసే నవ్వుతోంది మహాతల్లి!

ఆ మాట ఆయనకూ వినబడింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"పోయేవానికి ఇంగ మాత్రలెందుకే?" అన్నాడు.

ఏడుపొచ్చింది. ఏడుపుకంటే కోపం ఎక్కువొచ్చింది. చంపే మందో ఏమో, ఎవరికి తెలుసు? మాత్రలన్నీ శెనక్కాయల మూటలో దోపేశాను.

ఆమె మళ్ళీ వచ్చేసరికి ఆయన దగ్గి దగ్గి మంచానికి అతుక్కుపోయాడు.

"మందులు వేసుకుంటున్నారా అండీ?"

"ఇంగ యాడి మందులమ్మా? నువ్వే కదా వాకిట్లో పండబెట్టమంటివి! బతికుండంగానే పీనుగను జేసి పోతివి!" అని అరిచాను.

ఆమె బిక్కమొహం వేసింది. "వాకిట్లో అంటే... అదిగో, ఆ పందిరి కిందండీ. గాలి తగులుతుందని" అని బయటికి చూపించింది.

"అది ఇంటి ముందర! వాకిలంటే ఇది!" అని తలుపును దబదబా బాదాను.

ఆమె తలుపును చూసింది. మంచం మీద మనిషిని చూసింది. మొహం ఎర్రబడింది.

"మాత్రలెక్కడ?" అంది. అండీ లేదు. నేను మూటకు అడ్డంగా నిలబడ్డాను.

"తిక్కా నీకు? మాత్రలు మానేస్తే చచ్చిపోతాడు! ఆర్నెల్లు మింగితే బతుకుతాడు! ఆ ఎరుపు మందు రంగు, నెత్తురు కాదు! తియ్ బయటికి!"

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. నా జన్మలో అంత కమ్మటి తిట్టు వినలేదు. చచ్చిపోతాడని మొహం మీద అన్న మనిషి బతుకుతాడంటే నమ్మొచ్చు. మూటను నేలమీద కుమ్మరించాను.

"ఈ మాట మొదల్నే ఇట్ల చెప్పింటే ఏమమ్మా?" అన్నాను, కాయల్లోంచి మాత్రలు ఏరుతూ.

ఆమె కూడా పక్కన కూర్చుని ఏరుతోంది. "మా వైపు పెద్దవాళ్ళతో అలా మాట్లాడితే చెంప పగలగొడతారండీ" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"ఈడ అట్ల మాట్లాడకపోతే పగలగొడతాం."

వెనకనుంచి ఆయన చెయ్యి చాపాడు.

"మీ పంచాయితీ సాలించి, ఆ మాత్ర ఇట్లియ్యండప్పా" అన్నాడు.