పుర్రచేతి కత్తెర

కర్ర్... కర్ర్... కర్ర్.

బల్ల మీద బట్ట తెగే చప్పుడు. పిల్లకి ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న చప్పుడు. అమ్మ ఎడంచేత్తో కత్తిరిస్తుంది. వీధంతా ఆమెని పుర్రచేతి టైలరమ్మ అంటారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది.

ఆ కత్తెర బజార్లో కొన్నది కాదు. ఆమె ఎడంచేతి వాటం చూసి, సానపట్టే తాత ఒకాయన తనే చేసిచ్చాడు. తాత పోయాడు. కత్తెర ఉంది.

ఉండేది —

పిల్లకి కాలేజీలో సీటొచ్చింది. అలాంటిలాంటి సీటు కాదట. మొదటి ఏడాది వాళ్ళు నలభై మంది, అంతా ఒకే భవనం. పైన పడక, కింద పాఠం. చరిత్ర, కవిత్వం, తత్వం, బొమ్మలు — అన్నీ కలిపి చదవాలి. మనిషిని అన్ని వైపుల నుంచీ చూడాలి, అన్నాడు పెద్దసారు. సీటిచ్చిన రోజే ఇంకో మాటా అన్నాడు, మహానుభావుడు.

"మీ ఇంటి గురించి చెప్పే వస్తువొకటి తీసుకురండి."

"ఒక్క రోజేనమ్మా," అంది పిల్ల.

"తీసుకుపోవే. అంత పెద్ద చదువు! వాళ్ళడిగితే కాదంటామా?" పాత చీర ముక్కలో చుట్టి మరీ ఇచ్చింది అమ్మ.

చేరిన రోజు పిల్ల ఏం మాట్లాడిందనీ! అమ్మ చెయ్యి, తాత సాన, బట్ట చప్పుడు... ఒకటే చప్పట్లు. గదిలో పక్క మంచం పిల్ల కళ్ళజోడు తీసి కళ్ళొత్తుకుంది. పెద్దసారు కత్తెర అందుకున్నాడు. అద్దాల పెట్టెలో పెట్టించాడు. నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. పక్కన ఒక చీటీ.

దయచేసి తాకవద్దు.

నెలాఖరు దాకా ప్రదర్శన అన్నారు. పిల్ల సరేనంది. చెవుల్లో చప్పట్లు ఇంకా మోగుతున్నాయి మరి.

మొదటి రెండు ఆదివారాలూ బయటికి పంపరు. మూడో ఆదివారం ఇంటికెళ్ళింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

చప్పుడు లేదు.

అమ్మ బొటనవేలికి గుడ్డపేలిక. చేతిలో పక్కింటి వాళ్ళ కత్తెర. లోకంలో అందరికీ పనికొచ్చే కత్తెర. అమ్మకి తప్ప. బట్ట తెగడం లేదు, మడత పడుతోంది. బల్ల కింద పాడైన యూనిఫాం గుడ్డ. బడి వాళ్ళు మిగతా పనంతా వెనక్కి పట్టుకుపోయారట.

"కబురైనా చెయ్యలేదేంటమ్మా?"

"నీ చదువుకి అక్కరకొచ్చిందిగా. ఇంకెన్నాళ్ళులే..."

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. పిల్లకి కడుపు మండిపోయింది. ఎవరి మీద? ముందు తన మీదే. అమ్మని పట్టుకెళ్ళి చప్పట్లకి అమ్ముకొచ్చింది! ఆ తర్వాత ఆ చీటీ మీద. ఎవరు తాకవద్దని ఎవరికి చెబుతున్నారు? పొద్దస్తమానం తాకితేనే అన్నం పెట్టిన ఇనుము అది.

సోమవారం పొద్దున్నే పెద్దసారుకి అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. తలూపాడు.

"ఎంత నిజమైన కోపమమ్మా! వదిలెయ్యకు. దీని మీద ఒక వ్యాసం రాయి."

"కత్తెర, సార్..."

"నెలాఖరుకి ఇస్తాంగా. పెట్టె మీద చెయ్యి వేస్తే సీటు పోతుంది. రూలు తెలుసుగా?"

వ్యాసం! అరికాలి మంట నెత్తికెక్కింది. బొబ్బలెక్కిన వేలికి వ్యాసం పూస్తారట. విన్నారా చోద్యం!

ఆ మధ్యాహ్నం పెద్దసారు పాఠం చేతిపని గొప్పతనం గురించి.

పిల్ల లేచి, గోడవారనున్న అద్దాల పెట్టె దగ్గరికి నడిచింది. కుట్టుమిషన్‌కి వాడే చిన్న స్క్రూడ్రైవర్ ఇంటి నుంచే తెచ్చుకుంది. ఒక స్క్రూ. రెండు.

"ఏయ్, సీటు పోతుందే!" కళ్ళజోడు పిల్ల గొంతు.

మూడు. పాఠం ఆగింది.

నాలుగు.

కత్తెర చేతిలోకి వచ్చింది. బరువుగా, చల్లగా. చీటీని కూడా లాగింది. దాన్ని కత్తిరించబోయింది —

తెగలేదు. మడత పడింది.

ఎవరో కిసుక్కుమన్నారు. పిల్లది కుడిచెయ్యి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఈ కత్తెర పట్టి చూడలేదు. దాని గురించి అంతసేపు మాట్లాడింది, పట్టి చూడలేదు. అమ్మకి ఇరవై రోజులుగా ఇలాగే ఉంది.

ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. కోపమే వచ్చింది.

"కూర్చో," అన్నాడు పెద్దసారు, మెల్లగా. "అది లోపల పెట్టేసి కూర్చో. ఏమీ జరగలేదనుకుందాం."

ఎదురుగా ఖాళీ కుర్చీ. పక్కన తెరిచిన తలుపు.

పిల్ల కత్తెరని ఎడంచేతికి మార్చింది. వేళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అమ్మ ఎలా పట్టుకుంటుంది... ఎలా...

కర్ర్...

చీటీ వంకరగా తెగింది. తెగింది.

కర్ర్... కర్ర్...